మా అత్త అద్దెకు తీసుకున్న మేడ

వానలు ఇంకా పడలేదు. గాలి కదలని ఒక సాయంత్రం, కంచంలో అన్నం కలుపుకుంటూ మా అత్త సూర్యావతి ఒక మాట అంది.

"నాను లతలో ఒక మేడ అద్దెకి తీసుకుందామనుకుంతన్నాను."

లత అంటే యాంగోన్, అదే పాత రంగూన్, నడిబొడ్డున, నదికి దగ్గరగా, పాతకాలపు మేడలూ బంగారం కొట్లూ పళ్ళ బళ్ళూ ఒకదాని మీద ఒకటి పడ్డట్టుండే పేట. మేముండేది పజుండౌంగ్‌లో, వాగు పక్క సందులో, కింది వాటా. మా వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆ గోడకు పాకిన నాచు ఎంత పైకి వచ్చిందో చూసి వాన ఏ మాత్రం పడిందో చెప్పవచ్చు.

"ఎవరికి?" అన్నాడు మా ఆయన రాంబాబు.

"నాకే."

"నీకెందుకు?"

"ఉండడానికి."

రాంబాబు తల్లి వైపు చూడలేదు. నా వైపు చూశాడు. నా చేతిలో పులుసు గరిటె అలాగే ఉండిపోయింది. నేనేమన్నానా అని పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆడిన మాటలన్నీ గబగబా వెతుక్కున్నాను. పెద్దగా దొరకలేదు. అత్తా నేనూ అసలు ఎక్కువ మాట్లాడుకుంటే కదా! ఒకే పొయ్యి దగ్గర, ఒకరు వండుతుంటే ఒకరు తోముతూ, ఉప్పు అందుకో, కూర దించు అనే మాటలతోనే ఏళ్ళు గడిపేశాం.

మా మామ పోయాక అత్త ఇంట్లో ఊరికే కూర్చోలేక లతలో పేవ్‌మెంటు మీద దోసెల బండి పెట్టింది. అక్కడివాళ్ళు దోసెను తోషే అంటారు. ఇంకా తెల్లవారకుండా పిండి క్యాన్లతో బస్సెక్కేది. ఆ బండి ఆవిడకు కలిసొచ్చింది. అది మాకు తెలుసు. ఇలా కలిసొస్తుందని మాత్రం తెలియదు.

"ఏం తక్కువైంది నీకిక్కడ?" రాంబాబు గొంతు పెంచాడు.

"ఏటీ తక్కువ కాలేదురా. పొద్దున్న లేచి తలుపు తీస్తే ఈది కనబడాల, మనుషులు కనబడాల. అంతే," అంది అత్త. అని, మజ్జిగ పోయమని నా వైపు కంచం జరిపింది.

మర్నాడు పొద్దెక్కకముందే చిమిండైంగ్ పేట నుంచి మా ఆడపడుచు రాధాకుమారి దిగింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలెట్టింది.

"ఒలే మణీ! మా యమ్మని ఏటన్నావు?"

"నేనేమీ అనలేదు వదినా."

"అనకుండా ముసిల్ది ఇల్లొదిలి పోతాదేటి? గుళ్ళో అప్పుడే చెప్పుకుంతన్నారు, మణిమాల అత్తని ఎల్లగొట్టీసిందని. నాను రేపు శుక్రవారం ఏ మొకం పెట్టుకుని గుడికెల్లాల?"

అత్త లోపల్నుంచి, "ముసిల్దెవర్తే?" అంది. రాధాకుమారి నా చేతి టీ ముట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

ఇల్లు చూడడానికి అత్తతో ఎవరు వెళ్తారు? రాంబాబు వెళ్ళనన్నాడు. "నా నోటితో నాను సరే అనను. నా కాలితో ఆ మెట్లెక్కను," అన్నాడు. నాకూ మనసొప్పలేదు. కానీ ఆవిడ ఒక్కతే గొడుగు పట్టుకుని బయల్దేరుతుంటే చూస్తూ ఊరుకోలేక చెప్పులేసుకున్నాను.

బ్రోకరు మైకేల్ కూడా మా తెలుగువాడే, బాప్టిస్టు చర్చిలో పాటలు పాడిస్తాడు. మనిషి సన్నగా, ఎప్పుడూ రొప్పుతూ ఉంటాడు. రోజుకెన్ని మేడలెక్కుతాడో పాపం. మొదట చూపించిన వాటాలో పడుకునే గది మధ్యలో ఇనుప స్తంభం ఉంది. "బట్టలారేసుకోవచ్చు ఆంటీ," అన్నాడు. రెండోదానికి కిటికీయే లేదు. "ఎండ రాదు, చల్లగుంటాది," అన్నాడు. అత్త అతని వైపు ఒక చూపు చూసింది. ఆ తరవాత మైకేల్ ఏ వాటాకూ గుణాలు చెప్పలేదు.

మూడోది ఆ మేడ. వందేళ్ళ పైబడిన కట్టడం. నెత్తిన గచ్చుతో పోసిన పూల తీగలున్నాయి, వాటి పగుళ్ళలోంచి రావి మొలక ఒకటి నిజం ఆకులు వేసింది. మెట్లు టేకు చెక్కవి. ఎన్ని తరాల పాదాలు తొక్కాయో, నడుమన అరిగి పళ్ళేల్లా పల్లమయ్యాయి. మూడో అంతస్తులో తలుపు తీస్తే, కప్పు ఎంత ఎత్తుందంటే మైకేల్ దగ్గు నాలుగు మూలలా తిరిగొచ్చింది. చెక్క నేల, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన పెద్ద కిటికీ రెక్కలు.

అత్త వంటిల్లు చూడలేదు. కుళాయి తిప్పలేదు. తిన్నగా వెళ్ళి వీధి వైపు తలుపులు తోసి, ఇనుప కమ్మీల బాల్కనీలో నిలబడింది. కింద మంగోస్టీన్ పళ్ళ బుట్టలు, సైకిల్ రిక్షాలు, గొడుగులు బాగుచేసేవాడు. ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు, దాని చివర ఒక క్లిప్పు, పైన ఒక గంట. పేపరువాడు క్లిప్పుకు పేపరు తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, ఇంట్లోవాళ్ళు పైకి లాక్కుంటారు.

చాలాసేపు ఆవిడ వెనక్కి తిరగలేదు. మైకేల్ నా వైపు చూశాడు. నేను చెయ్యి చూపించి ఆగమన్నాను.

ఇంటి యజమానురాలు డా ఖిన్ మే అదే మేడలో కింద ఉంటుంది. డా అంటే ఇక్కడ పెద్ద ఆడవాళ్ళ పేరు ముందు చేర్చే మర్యాద మాట. డెబ్బై దాటిన మనిషి, జుట్టులో మల్లెలు, నోట్లో ఇక్కడివాళ్ళు నమిలే ఊరేసిన టీ ఆకు. అంతా విని బర్మా భాషలో నెమ్మదిగా చెప్పింది.

"నాకు మీ మతం ఏదైనా ఒకటే. కానీ ఒంటరిగా ఉండే పెద్దావిడకు ఇవ్వను. రేపు జ్వరమొస్తే ఎవరు చూస్తారు? నాకేమో మోకాళ్ళ నొప్పులు. మీ అబ్బాయి వచ్చి తన పేరు మీద తీసుకుంటే ఇస్తాను."

అత్త మొహంలో ఏమీ మారలేదు. చేతి సంచీ మాత్రం ఒళ్ళోకి లాక్కుని లేవబోయింది. అలా లేవడం నాకు బాగా తెలుసు. మా మామ వద్దన్నప్పుడు, కొడుకు తరవాత చూద్దామన్నప్పుడు, ఆవిడ ఇలాగే కొంగు సర్దుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

"నా పేరు మీద రాయండి," అన్నాను. "నేను కోడల్ని. రోజూ వచ్చి చూసుకుంటాను."

అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. డా ఖిన్ మే నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "అత్తగారి కోసం కోడలు ఇల్లు తీసుకోవడం ఈ మేడలో ఇదే మొదలు," అని మైకేల్‌ను కాగితాలు తెమ్మంది.

బస్సులో అత్త నా పక్కనే కూర్చుంది. దిగే చోటు దగ్గర పడుతుండగా, "ఇంటికాడ నానే చెప్తాను. నువ్వు మాటాడకు," అంది.

చెప్పింది. రాంబాబు విన్నాడు. ఆ రాత్రి నుంచీ నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు. అవసరమైనవి ఎంత తక్కువో అప్పుడు తెలిసింది నాకు.

తొలి వానతో పాటే అత్త మేడకు మారింది. సామానంటే ఏముంది! ఒక ట్రంకు పెట్టె, దేవుడి పటాలు, పెనాలు, పిండి రుబ్బే రోలు. రోలును మైకేలూ, పళ్ళ బండివాడూ, ఎవరో ఇద్దరు దారినపోయేవాళ్ళూ కలిసి పైకెక్కించారు. ప్రతి అంతస్తులోనూ ఒక తలుపు తెరుచుకుని ఒక తల బయటికొచ్చి, ఏమిటీ రాయి అని అడిగింది. ఆ విధంగా పై అంతస్తు చేరేసరికి మేడంతటికీ ఆవిడ తెలిసిపోయింది.

యాంగోన్ వానలు ఒకసారి మొదలైతే పేవ్‌మెంటు మీద బండి పెట్టేది కల్ల. వీధి కాలవైపోతుంది. మొదటి వారం అత్త బాల్కనీలో కూర్చుని, రోజూ తన దగ్గర తినేవాళ్ళు తలల మీద సంచులు పెట్టుకుని పరిగెత్తడం చూసింది. ఆ తరవాత ఒక పొద్దున్న నేను వెళ్ళేసరికి మేడ కింద నలుగురైదుగురు గొడుగులేసుకుని తలలు పైకెత్తి నిలబడి ఉన్నారు. పైనుంచి తాడు మీద వెదురు బుట్ట దిగుతోంది. అందులో అరిటాకులో చుట్టిన తోషేలు పొగలు కక్కుతున్నాయి. వీధిలో అందరి తాళ్ళూ సరుకు పైకి లాగుతుంటే మా అత్త తాడు మాత్రం కిందికి దింపుతోంది.

"అమే! నాకు రెండు, కారం వెయ్యి!" అని కింద ఒక బంగారం కొట్టు కుర్రవాడు అరిచాడు.

అమే అంటే అమ్మ. కొద్ది రోజుల్లోనే మేడలో అందరికీ ఆవిడ తోషే అమే అయిపోయింది. డా ఖిన్ మేకు మొదటి తోషే వెళ్ళాలి. అది ఒప్పందంలో రాయని షరతు.

నేను రోజూ మా ఇంటి పని ముగించుకుని వెళ్ళేదాన్ని. మొదటిరోజు అలవాటు కొద్దీ తిన్నగా వంటింట్లోకి నడిచి అంట్లు ముందేసుకున్నాను. అత్త నా చేతిలో కొబ్బరి పీచు లాగేసుకుంది.

"నువ్వు కూకో. ఇది నా ఇల్లు. నాను పెడతాను, నువ్వు తిను."

"అదేంటత్తా!"

"మరేటి? ఇంటికొచ్చినోల్లు గిన్నెలు తోమీసి పోతారేటి?"

చాపేసి కూర్చోబెట్టింది. వేడివేడి తోషే, కొబ్బరి పచ్చడి, ఉడికించిన బటానీలు పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసింది. ఆవిడ నా మొహం అంతసేపు చూడడం, నేను ఆవిడ మొహం చూడడం అదే మొదటిసారి. ఆవిడకు నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుంది. ఆ సంగతి నాకు తెలియదు.

రోజులు గడిచిన కొద్దీ మాటలూ వచ్చాయి. చిన్నప్పుడు తనకు ఈత వచ్చేదని చెప్పింది. నాకు పాత సినిమా పాటలిష్టమని నేను చెప్పాను. వాన హోరులో ఇద్దరం బాల్కనీ తలుపుల దగ్గర కూర్చుని, ఎదురు మేడలో కొత్తగా పెళ్ళయిన జంట పోట్లాడుకుంటుంటే ఎవరు గెలుస్తారో పందెం వేసుకునేవాళ్ళం. అత్త ఎప్పుడూ పెళ్ళాం వైపే.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "అత్తా, నిజం చెప్పు. నువ్వు ఇల్లొదిలింది నా వల్లేనా?"

"నీ వల్లే," అంది.

ఆవిడ పప్పులో రాళ్ళేరుతూ తలెత్తకుండానే చెప్పింది.

"నువ్వు ఒచ్చినావు గనక ఒచ్చేను. లేపోతే ఆ ఇల్లు, ఆ కొడుకుని ఎవరికొగ్గీసి రాగల్ను? నాను లేపోయినా పొయ్యి ఎలుగుతాదని తెల్సింది నాకు. రాధకి చెప్పు, కోడలు ఎల్లగొట్టలేదు, కోడల్ని చూసుకునే ఎల్లింది అని."

వాన జల్లు చాప మీద పడుతుంటే చాప వెనక్కి లాగడానికి లేచాను. అప్పుడు ఏడిస్తే బాగుండదని.

రాంబాబు మాత్రం మెట్టు దిగలేదు. పజుండౌంగ్‌లో మా ఆయనకు నీళ్ళ మోటార్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. కాలిపోయిన మోటారును విప్పి, రాగి తీగ మళ్ళీ చుట్టి బతికిస్తాడు. నగరంలో కరెంటు వచ్చి పోతూ ఉన్నన్నాళ్ళూ అతనికి పని తక్కువ కాదు. పొద్దస్తమానం షాపులోనే ఉండేవాడు. నేను రోజూ ఒక డబ్బాలో తోషేలు తెచ్చి బల్ల మీద పెట్టేదాన్ని. అతను చూసేవాడు కాదు. నేను నిద్ర లేచేసరికి డబ్బా కడిగి బోర్లించి ఉండేది. దాని గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు.

"మీ ఆయన ఎప్పుడూ రాడేం?" అని డా ఖిన్ మే అడిగేది.

"పనిలో ఉంటాడండీ," అనేదాన్ని.

శ్రావణం నడుమ ఆ మేడ నీళ్ళ మోటారు కాలిపోయింది. బయట ఆకాశం చిల్లు పడ్డట్టు వాన, ఇంట్లో కుళాయిల్లో చుక్క లేదు. జనం బాల్కనీల్లో బకెట్లు పెట్టి చూరు నీళ్ళు పట్టుకున్నారు. ఇద్దరు మెకానిక్కులు వచ్చి, ఇది పాతది, పారెయ్యండి అని పోయారు. మూడోవాణ్ణి తీసుకొస్తానని మైకేల్ వెళ్ళాడు.

నేను ఆ రోజు పైన అత్త దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నం నుంచీ కింద తొట్టె దగ్గర సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. సాయంత్రం కరెంటు వచ్చింది. గొట్టాల్లో గుర్రుమని ఒక శబ్దం కింది నుంచి పైకి పాకింది. ముందు కింది అంతస్తులో కేక, తరవాత దాని పైన, తరవాత మా అంతస్తులో. మా కుళాయి దగ్గి, తుప్పు నీళ్ళు కక్కి, తెల్లగా ధార కట్టింది. మేడ మేడంతా పెళ్ళి ఊరేగింపులా అరిచింది.

కాసేపటికి తలుపు తట్టారు. డా ఖిన్ మే రొప్పుతూ నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పులతో అన్ని మెట్లూ తనే ఎక్కివచ్చింది.

"అమే, ఈ మెకానిక్కు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదట. బంగారం లాంటి పనివాడు. ఏదైనా పెట్టండి."

ఆవిడ వెనక, తడిసి ముద్దయి, మోచేతుల దాకా గ్రీజుతో, రాంబాబు.

ఎవరి మేడో చెప్పకుండానే మైకేల్ తీసుకొచ్చినట్టున్నాడు, ఏ ఇంటికి వచ్చాడో అతనికి అప్పుడే తెలిసింది. దానికి వెనక మెట్ల మీద మైకేల్ గోడ వైపు తిరిగి పాడుతున్న ప్రార్థన గీతమే సాక్ష్యం. అత్త కళ్ళు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. అంతే. పనిమంతులను బర్మావాళ్ళు ఎంతో మర్యాదగా పిలిచే పిలుపుతో, "రండి సయా, కూర్చోండి. చేతులు కడుక్కోండి, నీళ్ళొచ్చాయి కదా," అంది, బర్మా భాషలో.

రాంబాబు గుమ్మంలో నిలబడ్డాడు. డా ఖిన్ మే వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోసింది. "మొహమాటపడకు నాయనా. ఈవిడ అందరికీ పెడుతుంది."

కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. చాప మీద కూర్చున్నాడు. అత్త తోషే వేసింది. తిన్నాడు. ఇంకోటి వేసింది. డా ఖిన్ మే సంతోషించి కిందికి వెళ్ళిపోయింది.

అత్త పెనం మీద నీళ్ళు చిలకరించింది.

"పచ్చట్లో ఉప్పెక్కువైంది," అన్నాడు రాంబాబు, తెలుగులో.

"నీకెప్పుడూ ఎక్కువేరా."

"ఇంకోటి ఎయ్యి."

వేసింది. అది తిని లేచి, బాల్కనీ దగ్గరకు వెళ్ళాడు. వాన వెలిసింది. కింద దీపాలు తడి రోడ్డు మీద పరుచుకున్నాయి. పళ్ళ బండివాడు పైకి చూసి, అమే అనుకుని చెయ్యి ఊపాడు. రాంబాబు కూడా ఊపాడు. తల్లి అతని పక్కకు వెళ్ళి నిలబడింది. ఇద్దరూ వీధి చూస్తూ ఉండిపోయారు. నేను అంట్లు తోమాను. ఆ ఒక్కరోజు అత్త వద్దనలేదు.

వెళ్ళేటప్పుడు సంచీ భుజాన వేసుకుంటూ అన్నాడు. "ఆ మోటారు పాతది. ఆదివారం మరొకసారి చూడాల."

నేను మోటార్లు బాగుచేసేవాడి పెళ్ళాన్ని. రాంబాబు చుట్టిన కాయిల్‌ను మళ్ళీ చూడాల్సిన పని లేదని నాకు తెలుసు. కానీ వానాకాలం ఉన్నన్నాళ్ళూ ఆ మోటారుకు ఆదివారం ఆదివారం ఏదో ఒక జబ్బు చేస్తూనే ఉంది. మెకానిక్కు పొద్దున్నే వచ్చి, కింద కాసేపు రెంచీ తిప్పి, పైకెక్కి సాయంత్రం దాకా తినేవాడు. అతనెవరో అత్తా చెప్పలేదు, అతనూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. డబ్బు పుచ్చుకోని ఆ మెకానిక్కును డా ఖిన్ మే చుట్టాలందరికీ పొగిడి చెప్పింది.

వానలు వెనక్కి తగ్గి తడింజు పున్నమి వచ్చింది. దీపాల పండగ. ఊరంతా బాల్కనీల్లో కొవ్వొత్తులు, కాగితపు దీపాలు. ఆ రోజుల్లో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ దగ్గరికి పళ్ళూ కొవ్వొత్తులూ పట్టుకెళ్ళి, వంగి దండం పెట్టి దీవెనలు తీసుకుంటారు. రాంబాబు ఇస్త్రీ లుంగీ కట్టుకుని, అరటి గెలా కొబ్బరికాయా పట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకున్న నాతో పాటు బయల్దేరాడు.

పొద్దు గుంకుతుండగా మేడ చేరాం. రెండో అంతస్తు నుంచే మెట్ల మీద జనం. బంగారం కొట్టు కుర్రవాళ్ళు, పళ్ళ బండివాడు, ఎదురు మేడ కొత్త జంట, పక్క వాటాల పిల్లలు, అందరి చేతుల్లోనూ కొవ్వొత్తులు. పైన మా అత్త కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెడుతోంది. డా ఖిన్ మే మెట్ల మలుపులో పీట వేసుకుని వరసను అదుపు చేస్తోంది.

రాంబాబు పక్క నుంచి పైకి పోబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"సయా, వరసలో రండి."

"నేను లోపలికెళ్ళాలండీ. ఆవిడ మా అమ్మ," అన్నాడు రాంబాబు.

డా ఖిన్ మే నవ్వింది. "ఇక్కడ ఆవిడ అందరికీ అమ్మే నాయనా. వెనక్కి వెళ్ళి నిలబడు."

అతను నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అరటి గెల భుజం మార్చుకుని, బంగారం కొట్టు కుర్రవాడి వెనక నిలబడ్డాడు. నేను అతని వెనక నిలబడ్డాను.

కింద మెట్ల మీద ఆయాసం వినిపించింది. రాధాకుమారి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కి వస్తోంది. ఆ మేడకు రావడం ఆవిడకు అదే మొదటిసారి.

"ఏటే మణీ, ఈ జనమేటి?"

"అత్తకి దండం పెట్టడానికి వదినా."

"ఇంతమందా!"

తలెత్తి, పై మలుపు దాకా వెలుగుతున్న కొవ్వొత్తుల వైపు చూసింది. తరవాత నా చేతిలోంచి ఒక కొవ్వొత్తి తీసుకుని, నా దీపంతో వెలిగించుకుని, నా వెనక నిలబడింది.

పైన ఎవరో దీవెన పుచ్చుకుని లేచారు. వరస ఒక మెట్టు ముందుకు కదిలింది.